పరవాదికి ఇచ్చిన చోటు: కథావత్థు నుండి తవ్వకాల నివేదిక వరకు

ధరణికోట ధర్మచక్ర స్తంభ శాసనంలోను, అల్లూరు శాసనంలోను పూర్వశైలీయుల పేరు కనిపిస్తుంది. కృష్ణా తీరంలో ఆ నికాయానికి ఆదరణ ఉండేదనీ, దానాలు చేసే ఉపాసకులు ఉండేవారనీ ఈ రాళ్లు రుజువు చేస్తున్నాయి. అయితే ఆ భిక్షువులు ధర్మాన్ని ఏ విధంగా వ్యాఖ్యానించేవారు, ఇతర నికాయాలతో ఏ అంశాలపై విభేదించేవారు అన్న ప్రశ్నలకు శాసనాలలో జవాబు లేదు. దాత పేరు, దానవస్తువు, దానం పుచ్చుకొన్న నికాయం పేరు చెప్పడంతో దానశాసనం పని ముగుస్తుంది.

జవాబులో చాలా భాగం ఆంధ్రదేశం వెలుపల, సింహళంలో నిలిచిన పాళి వాఙ్మయం నుండి లభిస్తున్నది. థేరవాదుల అభిధమ్మపిటకంలో ఐదవ గ్రంథమైన కథావత్థు, బుద్ధఘోషునిదిగా సంప్రదాయం చెప్పే దాని అట్ఠకథ ఇందుకు ప్రధానాధారాలు. పూర్వశైలీయులు, అపరశైలీయులు, రాజగిరికులు, సిద్ధార్థికులు అనే నాలుగు నికాయాలను కలిపి అట్ఠకథ 'అంధకులు' అని పిలుస్తుంది. ఆ నాలుగు నికాయాల వాదాలను ఖండించడం కోసమే అక్కడ వాటిని ప్రస్తావించారు. ఆ నికాయాల సొంత అభిధర్మ గ్రంథాలు దాదాపుగా నశించాయి. ప్రతిపక్షం వ్రాసి పెట్టుకొన్న మాటలే నేడు మిగిలాయి.

విరుద్ధాభిప్రాయం పట్ల తెరిచిన మనస్సు అవసరమని చెప్పేటప్పుడు సాధారణంగా సహనం, సౌమ్యత వంటి గుణాలను ప్రస్తావిస్తారు. అంధక నికాయాల చరిత్ర దానికి మరొక కోణాన్ని చూపుతుంది. ప్రతివాది మాటను పూర్తిగా విని, అతని క్రమంలోనే నమోదు చేయడం జ్ఞానాన్ని కాపాడే పని కూడా. ఆ పని చేసినవారికే తాము ఏమి కాపాడుతున్నారో తెలియకపోవచ్చు.

కథావత్థు నిర్మాణం

సంప్రదాయం ప్రకారం అశోకుని కాలంలో, క్రీ.పూ. మూడవ శతాబ్దంలో, పాటలీపుత్రంలో జరిగిన తృతీయ సంగీతిలో మొగ్గలిపుత్త తిస్స థేరుడు ఈ గ్రంథాన్ని వెలువరించాడు. ఇందులో 23 వర్గాలు, 200కు పైగా చర్చాంశాలు ఉన్నాయి. మూలంలో వాదుల పేర్లు గాని, నికాయాల పేర్లు గాని లేవు. సకవాది, అంటే స్వపక్షంవాడు. పరవాది, అంటే ఎదుటి పక్షంవాడు. సంభాషణ అంతా ఈ ఇద్దరి మధ్యనే నడుస్తుంది. ఏ వాదం ఏ నికాయానిదో చెప్పినది అట్ఠకథ.

గ్రంథంలో అన్నింటికంటె దీర్ఘమైనది మొదటి చర్చ. పుద్గలుడు పరమార్థంగా ఉన్నాడా, లేడా అన్నది అక్కడి ప్రశ్న. పుద్గలుడు ఉన్నాడనే పక్షాన్ని అట్ఠకథ వజ్జిపుత్తకులకు, సమ్మితీయులకు ఆపాదిస్తుంది. మొదట సకవాది ప్రశ్నించి, పరవాది చెప్పిన రెండు జవాబుల మధ్య వైరుధ్యాన్ని చూపి నిగ్రహిస్తాడు. ఆ వెంటనే పాత్రలు తారుమారవుతాయి. పరవాది ప్రశ్నకుడై, అదే తర్కరీతిలో, అదే పదజాలంతో సకవాదిని నిగ్రహించడానికి పూనుకొంటాడు. ఒక పక్షానికి ఇచ్చిన వాదసాధనాలను రెండవ పక్షానికీ ఇవ్వడం ఈ నిర్మాణంలోని ప్రత్యేకత.

అభిధమ్మ అట్ఠకథ అయిన అట్ఠసాలినిలో ఈ విషయానికి సంబంధించిన ఒక సంప్రదాయం ఉంది. కథావత్థులో వేయి సూత్రాలు కూర్చారనీ, వాటిలో ఐదువందలు స్వవాదానివి, ఐదువందలు పరవాదానివి అనీ అది చెబుతుంది. ఆ సంఖ్యలను అక్షరార్థంలో తీసుకొన్నా, సంకేతార్థంలో తీసుకొన్నా, గ్రంథంలో సగం ఎదుటివారిదని థేరవాద సంప్రదాయమే అంగీకరించడం గమనించవలసిన విషయం.

అర్హంతునికి అజ్ఞానం ఉంటుందా?

రెండవ వర్గంలోని ఒక చర్చను పరిశీలిస్తే ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. అర్హంతునికి కూడా అజ్ఞానం ఉండవచ్చు అన్న వాదాన్ని అట్ఠకథ పూర్వశైలీయులకు ఆపాదిస్తుంది. పైపైన చూస్తే ఇది అర్హత్త్వాన్ని తక్కువ చేసే మాటగా కనిపిస్తుంది. అవిద్య నశించినవాడే అర్హంతుడు కదా, అతనికి అజ్ఞానం ఎక్కడిది అన్నది సకవాది ఆక్షేపణ.

పరవాదికి ప్రశ్నించే వంతు వచ్చినప్పుడు చర్చ స్వరూపం మారుతుంది. అర్హంతునికి పరిచయం లేని స్త్రీపురుషుల పేర్లు, గోత్రాలు తెలియకపోవచ్చు కదా, ఏది సరియైన దారో, ఏది కాదో తెలియకపోవచ్చు కదా, గడ్డిపరకల పేర్లు, చెట్ల పేర్లు తెలియకపోవచ్చు కదా అని అతడు అడుగుతాడు. సకవాది వీటిని కాదనడు, నిజమేనని ఒప్పుకొంటాడు. ఆ తరువాత తన ప్రశ్న వేస్తాడు: అలాగైతే అర్హంతునికి స్రోతాపత్తి మొదలుకొని అర్హత్త్వం వరకు గల ఫలాల విషయంలో కూడా తెలియకపోవడం ఉంటుందా? అలా అనకూడదని పరవాది అంగీకరిస్తాడు.

ఇక్కడికి వచ్చేసరికి విభేదం ఎక్కడ ఉన్నదో పాఠకునికి స్పష్టమవుతుంది. లోకవ్యవహారంలో తెలియనితనం ఉండవచ్చునని ఇద్దరూ ఒప్పుకొంటున్నారు. ధర్మవిషయంలో అది ఉండదనీ ఇద్దరూ ఒప్పుకొంటున్నారు. మొదటి రకం తెలియనితనాన్ని 'అజ్ఞానం' అనే మాటతో పిలవవచ్చునా, లేదా అన్నదే మిగిలిన తగవు. పరవాదికి తన ఉదాహరణలు చెప్పుకొనే అవకాశం ఇవ్వకపోయి ఉంటే, అర్హంతుని మహిమను నిరాకరించినవారుగా మాత్రమే పూర్వశైలీయులు చరిత్రలో మిగిలేవారు. చెట్ల పేర్లు, దారుల ఆనవాళ్లు గ్రంథస్థమైనందువల్లనే వారి ఆలోచనలోని సహేతుకత నేటి పరిశోధకునికి అందుతున్నది.

ఈ ఆధారానికి ఉన్న పరిమితి

ఇంత చెప్పినంత మాత్రాన కథావత్థును నిష్పక్షపాత గ్రంథమని అనడానికి వీలులేదు. చర్చలన్నింటినీ కూర్చినది సకవాది పక్షమే. పరవాది గెలిచిన చర్చ ఒక్కటీ లేదు. పూర్వశైలీయుల గ్రంథం దొరికితే అదే చర్చ మరొక విధంగా ముగిసి ఉండవచ్చు. పైగా నికాయాల పేర్లు చెప్పిన అట్ఠకథ క్రీ.శ. 5వ శతాబ్దం నాటిది. తృతీయ సంగీతికి, దానికి మధ్య ఆరేడు వందల ఏండ్ల దూరం ఉంది.

గ్రంథకాలం గురించి కూడా రెండు దృష్టులు ఉన్నాయి. అంధక నికాయాలు తరువాతి కాలంలో పుట్టినవని అట్ఠకథే చెబుతున్నది. కనుక వారి వాదాలు చేరిన భాగాలు అశోకుని తరువాత చేరినవై ఉంటాయనీ, గ్రంథం క్రమంగా పెరిగిందనీ చరిత్రకారులు భావిస్తారు. బుద్ధ భగవానుడు భవిష్యత్తులో పుట్టబోయే వాదాలను దృష్టిలో ఉంచుకొని మాతృకను నిర్దేశించాడనీ, మొగ్గలిపుత్త తిస్సుడు దానిని విస్తరించాడనీ సంప్రదాయం వివరిస్తుంది. భిక్షువు చెప్పే సమాధానం ప్రామాణ్యానికి సంబంధించినది. చరిత్రకారుడు చెప్పేది పాఠ్యనిర్మాణానికి సంబంధించినది. తెలియక చెప్పిన మాట అని చరిత్రకారుడు మొదటిదాన్ని, శ్రద్ధలేక చెప్పిన మాట అని భిక్షువు రెండవదాన్ని తోసిపుచ్చితే చర్చ అక్కడే ఆగిపోతుంది. ఎదుటివారు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారో మొదట గుర్తించినప్పుడు రెండు వివరణలనూ పక్కపక్కన ఉంచి పరిశీలించడం సాధ్యమవుతుంది.

సూత్రాలలో దీని మూలం

ఎదుటివారి మాట వినడానికి కావలసిన మనఃస్థితిని సుత్తపిటకం అనేక సందర్భాలలో వివరించింది. దీఘనికాయంలో మొదటిదైన బ్రహ్మజాల సుత్తం రాజగృహ నలందల మధ్య దారిలో మొదలవుతుంది. సుప్పియుడనే పరివ్రాజకుడు త్రిరత్నాలను నిందిస్తుండగా, అతని శిష్యుడు బ్రహ్మదత్తుడు వాటినే ప్రశంసిస్తుంటాడు. దీనిని గురించి భిక్షువులు చర్చించుకొంటున్నప్పుడు, నింద విని కోపగించవద్దని బుద్ధుడు బోధిస్తాడు. అందుకు ఆయన చెప్పిన కారణం ముఖ్యమైనది. కోపం వచ్చినవానికి ఎదుటివారు చెప్పినదానిలో ఏది సరియైనదో, ఏది కాదో తెలుసుకొనే శక్తి ఉండదు. పొగడ్తకు పొంగిపోవడం గురించీ ఆయన ఇదే హెచ్చరిక చేస్తాడు. కోపాన్ని నిగ్రహించుకోవడం ఇక్కడ సత్యాసత్య నిర్ణయానికి పనికివచ్చే సాధనంగా చెప్పబడింది. ఇదే సుత్తం ఆ తరువాత 62 దృష్టులను ఒక్కొక్కటిగా, అవి ఏ కారణంగా పుట్టాయో చెబుతూ వివరిస్తుంది.

మజ్ఝిమనికాయంలోని చంకీ సుత్తంలో సత్యాన్ని సంరక్షించడం అంటే ఏమిటన్న ప్రశ్న వస్తుంది. తన విశ్వాసం ఇది అని చెప్పుకొన్నంత వరకు మనిషి సత్యాన్ని కాపాడుతున్నాడనీ, ఇదొక్కటే సత్యం, తక్కినదంతా వ్యర్థమన్న నిశ్చయానికి అంతలోనే రాకూడదనీ అక్కడి బోధ. సంప్రదాయం వల్ల, తర్కం వల్ల ఏర్పడిన అభిప్రాయాలకూ ఇదే నియమం వర్తిస్తుంది.

అదే నికాయంలోని ఉపాలి సుత్తం మరింత కఠినమైన పరీక్ష. నిగంఠ నాతపుత్తుని ఉపాసకుడైన ఉపాలి గృహపతి బుద్ధుని వాదంలో ఓడించాలని వచ్చి, చివరకు శరణు కోరుతాడు. వాదంలో గెలిచిన సమయమది. అప్పుడు కూడా బుద్ధుడు అతనిని బాగా ఆలోచించుకొని నిర్ణయించుకొమ్మంటాడు. ఇంతకాలం నిగంఠులకు ఆ ఇంట భిక్ష లభించింది గనుక ఇకముందు కూడా వారికి పెట్టడం మానవద్దని సూచిస్తాడు. పక్షం మారినవాడు పాత పక్షాన్ని పస్తు పెట్టకూడదన్నది ఈ కథలోని ఆచరణ సూత్రం.

ఎఱ్ఱగుడి బండపై అశోకుని మాట

ఈ ఆదర్శం రాజశాసనమైన సందర్భం అశోకుని పన్నెండవ శిలాశాసనం. ఒడిశాలోని ధౌలి, జౌగడలలో చెక్కిన శాసనశ్రేణిలో ఇది లేదు. కర్నూలు జిల్లాలో గుత్తికి సమీపాన ఉన్న ఎఱ్ఱగుడిలో మాత్రం పద్నాలుగు శాసనాల శ్రేణిలో భాగంగా ఉంది. తెలుగు నేలపై చెక్కిన అతి ప్రాచీన రాజవాక్యాలలో ఇది ఒకటి.

అన్ని మతశాఖలలోను సారం వృద్ధి చెందాలన్నది ఈ శాసనం ఆశయం. దానికి మూలం వాక్కును అదుపులో ఉంచుకోవడమని అది చెబుతుంది. సందర్భం లేకుండా సొంత శాఖను పొగడడం, ఇతరుల శాఖను కించపరచడం కూడదంటుంది. సొంత శాఖపై భక్తితో ఇతర శాఖను నిందించేవాడు తన శాఖకే ఎక్కువ హాని చేసుకొంటాడని హెచ్చరిస్తుంది. ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలనీ, వినాలన్న కోరిక ఉండాలనీ, ఆ విధంగా అందరూ బహుశ్రుతులు కావాలనీ కోరుతుంది. ఈ శాసనం ఎవరి విశ్వాసాన్నీ వదులుకొమ్మనలేదు. విమర్శను పూర్తిగా నిషేధించనూ లేదు. విమర్శించవలసి వచ్చినప్పుడు తేలిక మాటలతో చేయమన్నది.

ఈ అశోకుడే సారనాథ్, సాంచి, కౌశాంబి స్తంభాలపై మరొక ఆజ్ఞ చెక్కించాడు. సంఘాన్ని చీల్చే భిక్షువునకు గాని, భిక్షుణికి గాని తెల్లని వస్త్రాలు కట్టబెట్టి విహారం వెలుపల ఉంచాలని ఆ ఆజ్ఞ. అన్ని శాఖలనూ ఆదరించినవాడే సంఘంలో చీలికను సహించలేదు. ఈ రెండింటికీ పొత్తు కుదరదని కొందరు, ఒకటి లోకానికి సంబంధించినది, మరొకటి వినయానికి సంబంధించినది గనుక వైరుధ్యం లేదని మరికొందరు భావించవచ్చు. ఏ విధంగా భావించినా రెండు శాసనాలనూ కలిపి చదవడం అవసరం. ఒకదానిని దాచి రెండవదానిని చూపినప్పుడు అశోకుని చిత్రం పూర్తి కాదు.

ఒకే లోయలో అనేక నికాయాలు

అశోకుని తరువాత దాదాపు ఐదు శతాబ్దాలకు, ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నాగార్జునకొండ లోయలో, భిన్న నికాయాలు పక్కపక్కనే నిలిచాయి. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధ, వాజపేయాది యాగాలు చేసిన మహాసేన భక్తుడు. అతని సోదరి శాంతిశ్రీ అపరమహావినసేలియుల కోసం మహాచైత్యాన్ని, వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో, పూర్తి చేయించింది. ఆ రాజు పాలనలోనే 14వ సంవత్సరంలో ఉపాసిక బోధిశ్రీ సింహళ థేరవాద భిక్షువులకు చైత్యగృహం కట్టించింది. తరువాత ఎహువల శాంతమూలుని కాలంలో రాజమాత భట్టిదేవి బహుశ్రుతీయులకు, వనవాసి మహారాణి కొడబలిశ్రీ మహీశాసకులకు విహారాలు ఇచ్చారు.

ఈ శాసనాలు సహజీవనాన్ని చూపుతున్నాయి. ఆ విహారాల మధ్య సంవాదం జరిగిందా అన్నది వాటినుండి తేల్చలేము. సంవాదానికి సాక్ష్యం మరికొన్ని శతాబ్దాల తరువాత, కృష్ణ దిగువన ధాన్యకటకంలో లభిస్తుంది. 7వ శతాబ్దంలో హ్యుయెన్‌త్సాంగ్ అక్కడికి వచ్చేనాటికి పూర్వశైల, అపరశైల విహారాలు నిర్మానుష్యమై ఉన్నాయి. అతని జీవితచరిత్ర ప్రకారం, మహాసాంఘిక వాఙ్మయంలో నిపుణులైన సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువులు అతనికి కలిశారు. మహాయానికుడైన ఆ యాత్రికుడు కొన్ని నెలలు అక్కడే ఉండి వారి వద్ద మహాసాంఘిక అభిధర్మాన్ని చదివాడు. వారు అతని వద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. ఒకరికొకరు గురువులూ శిష్యులూ కావడం వినడానికి ఒక ఉత్తమమైన మార్గం.

ప్రతిపక్షంలో బ్రతికిన గ్రంథాలు

నాగార్జునుని విగ్రహవ్యావర్తనిలో 70 కారికలు ఉన్నాయి. మొదటి 20 కారికలూ ప్రతివాది ఆక్షేపణలకే కేటాయించబడ్డాయి. అన్ని భావాలూ స్వభావశూన్యాలైతే, ఆ మాట చెప్పే వాక్యం కూడా శూన్యమే కదా, అది దేనిని ఖండించగలదు అన్న బలమైన ప్రశ్న ఆ గ్రంథారంభంలోనే ఉంది. మిగిలిన 50 కారికల విలువ ఆ 20 కారికల బలంపై ఆధారపడి ఉంది. పూర్వపక్షాన్ని బలహీనంగా చెప్పి ఉంటే సిద్ధాంతానికి నిలబడే అవకాశమే ఉండేది కాదు.

పూర్వపక్షాన్ని నిజాయితీగా చెప్పడం వల్ల కలిగిన మేలు బౌద్ధులకే పరిమితం కాలేదు. మీమాంసకుడైన కుమారిలుని బృహట్టీక నష్టమైంది. దానిలోని కారికలు అనేకం, దానిని ఖండించిన శాంతరక్షితుని తత్త్వసంగ్రహంలో మిగిలాయి. మరోవైపు దిఙ్నాగుని ప్రమాణసముచ్చయంలోని సంస్కృత వాక్యాలు అనేకం న్యాయ, జైన గ్రంథాల ద్వారా తెలిశాయి. జైనాచార్యుడు మల్లవాది ద్వాదశార నయచక్రాన్ని పరిష్కరిస్తూ ముని జంబూవిజయుడు ఈ దిశగా గొప్ప కృషి చేశాడు. ఒకరి సిద్ధాంతాన్ని ఒకరు కాదన్న పండితులే ఒకరి గ్రంథానికి ఒకరు రక్షకులయ్యారు.

పరిశోధకుని బాధ్యత

పురావస్తు పరిశోధనలో ఈ విషయానికి అదనపు ప్రాధాన్యం ఉంది. తాళపత్రాన్ని మళ్లీ చదవవచ్చు, తవ్విన పొరను మళ్లీ తవ్వలేము. 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండలో జరిగిన రక్షణ తవ్వకాల తరువాత ఆ లోయ జలాశయంలో మునిగిపోయింది. కొన్ని నిర్మాణాలను కొండపైన, అనుపులో పునర్నిర్మించారు. మిగిలిన ప్రదేశాన్ని గురించి ఎవరికి ఏ సందేహం కలిగినా నాటి నమోదులు, ఛాయాచిత్రాలు, నివేదికలే గతి. తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లోను, చారిత్రక దశకు సంబంధించిన రెండవ సంపుటం 2006లోను వెలువడ్డాయి. తన వ్యాఖ్యకు అనుకూలించని ఇటుకను, నాణెాన్ని, పొరను ఆనాడు ఎవరైనా నమోదు చేయకపోయి ఉంటే, దానిపై నిర్మించగల ప్రతివాదం శాశ్వతంగా నీటి పాలైనట్లే.

నమోదు సరిగా ఉన్నచోట విభేదం ఎంత ఫలవంతమవుతుందో మహాచైత్య శాసనాలలోని 'ధాతువర పరిగహిత' అనే ఒక సమాసం చూపుతుంది. ఈ శాసనాలను ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించిన జె.పి.హెచ్. ఫోగెల్ ఇక్కడి ధాతువును నిర్వాణధాతువుగా గ్రహించాడు. 1988లో గ్రెగరీ షోపెన్ దానితో విభేదించాడు. ధాతువు అంటే శారీరక అవశేషమనీ, ఈ విశేషణం బుద్ధునికే చెందుతుందనీ, స్తూపంలోని ధాతువులో బుద్ధుడు సన్నిహితుడై ఉన్నట్లు ఆనాటి దాతలు భావించారనీ వాదించాడు. స్తూపాన్ని స్మారకంగా చూడాలా, బుద్ధుడు నివసించే స్థానంగా చూడాలా అన్న పెద్ద ప్రశ్న ఆ ఒక్క సమాసంపై నిలిచింది. ఫోగెల్ తన అనువాదాన్ని మాత్రమే ప్రకటించి, శాసనపాఠాన్ని అక్షరం అక్షరంగా ఇవ్వకపోయి ఉంటే ఈ చర్చకు ఆస్కారమే లేదు. తనతో విభేదించడానికి కావలసిన సామగ్రిని ఆయన తన పాఠకుల చేతిలో పెట్టాడు.

ఇందులో నుండి నేటి పరిశోధకునికి, భిక్షువునకు ఆచరణయోగ్యమైన క్రమం ఒకటి లభిస్తుంది. ఎదుటివారి అభిప్రాయాన్ని వారు విని 'మేము చెప్పినది ఇదే' అని ఒప్పుకొనే విధంగా మొదట చెప్పాలి. వారి ఉదాహరణలను వదిలివేయకూడదు. కంటికి కనిపించినదానిని, దానినుండి ఊహించినదానిని వేరువేరుగా నమోదు చేయాలి. స్వపక్షానికి సరిపడని ఆధారాన్ని అనుబంధంలో దాచకుండా, చర్చ జరిగే చోటనే పెట్టాలి. ఆ తరువాత తన నిర్ణయాన్ని నిస్సంకోచంగా చెప్పవచ్చు. సకవాది కూడా ఆ విధంగానే చెప్పాడు. తన పక్షాన్ని విడువకుండానే పరవాదికి చోటిచ్చాడు.

ధరణికోటలో పూర్వశైలీయుల స్తంభాన్ని చూచినవారికి ఆ భిక్షువుల గొంతు వినిపించదు. ఆ గొంతులో కొంతభాగం, వారితో ఏకీభవించని భిక్షువుల కంఠస్థ పరంపరలో సముద్రం దాటి నిలిచింది. నేడు వ్రాస్తున్న వ్యాసాలలోను, నివేదికలలోను ఎవరి మాట మిగలబోతున్నదో ఎవరూ ముందుగా చెప్పలేరు. అందువల్ల అంగీకరించని మాటను కూడా తప్పు లేకుండా వ్రాసి ఉంచడం రాబోయే తరాలకు చేయవలసిన దానం.